నాయనమ్మ పొడిదగ్గు

ఫార్మకాలజీ పుస్తకంలో ఏ మందు గురించైనా చేసే మేలు నాలుగు లైన్లలో, చేసే కీడు రెండు పేజీల్లో ఉంటుంది. మా వీధిలో మనుషుల గురించి చెప్పుకునేదీ ఇదే కొలతలో కాబట్టి ఆ సబ్జెక్టు నాకు పరాయిదనిపించలేదు. గుర్తుండటానికి ఒక్కో మందునీ ఒక్కో చుట్టానికి అంటగట్టేవాణ్ణి. గుండె వేగం తగ్గించేది మా పెదనాన్న, ఏ పనైనా ఆయన చేతిలో పడితే నిదానిస్తుంది. మత్తు మందు మా మావయ్య. ఆయన తుఫాను కథ మొదలెడితే రెండో కెరటానికే కళ్లు మూతలు పడతాయి.

అప్పుడు నేను విజయనగరం పక్కన బి.ఫార్మసీ చదువుతున్నాను. శనివారం ప్యాసింజరెక్కి ఇంటికొచ్చేవాణ్ణి. మాది శ్రీకాకుళం దగ్గర సముద్రం ఒడ్డు ఊరు. అక్కడ నేను ‘డాట్రు’ని. కాదని మొదటి ఏడంతా వివరించాను. రెండో ఏడు నుంచి పలకడం మొదలుపెట్టాను.

ఆ వర్షాకాలంలో నాయనమ్మకి పొడిదగ్గు పట్టుకుంది. రోజూ చేపల తట్టతో ఆటో ఎక్కి అరసవల్లి వెళ్లే మనిషి. ఆదివారం మాత్రం సెలవు, ఆ రోజు సూర్యనారాయణస్వామి వారం, అక్కడ చేప మాటెత్తరు. మిగతా రోజుల్లో ఆమెకు వాడుక ఇళ్లున్నాయి. చేప మీద ఈగ వాలితే సర్దుకుంటారు గానీ, అమ్మే మనిషి దగ్గితే తలుపేసుకుంటారు. దాంతో ఆమె ఇంటిపట్టున ఉండిపోయింది. ఇళ్లు చెయ్యిజారిపోకుండా ఆమె బదులు వాళ్ల అప్ప తట్ట ఎత్తుకుంది. అప్ప అంటే నాయనమ్మకి అక్క, గోడ అవతలే కాపురం.

మా ఇంట్లో విషాదం సిద్ధమైంది. అమ్మ గ్లాసు వేరు పెట్టింది. వీధి వీధంతా టీబీ అని తేల్చింది. కఫం పరీక్షలో ఏమీ లేదని వచ్చింది.

“ఏటీ లేదన్నారంటే పెద్దదేదో ఉన్నాదన్నమాటే,” అని ఎదురింటామె కళ్లొత్తుకుంది.

ఒక శనివారం రైల్లో బీపీ మందుల పాఠం తీశాను. చీపురుపల్లి దాటాక ఎనలాప్రిల్ వచ్చింది. దాని కీడుల్లో పొడిదగ్గు. ఆ మందుకు చుట్టాన్ని వెతుక్కోవాల్సిన పని లేకపోయింది.

ఇంటికి రాగానే నాయనమ్మ రోజూ వేసుకునే బీపీ మాత్రల అట్ట చూశాను. అదే.

“నాయనమ్మా, నీ దగ్గు ఈ మాత్ర వల్లేమో.”

“మందేసుకుంటే రోగమొస్తాదేట్రా? దీనికా నిన్ను సదివిస్తన్నాం?”

“అయితే ఆపీమంటావా?” అన్నాడు నాన్న.

ఒక్క క్షణం ఆపించేసి హీరోనైపోదామనిపించింది. కానీ బీపీ పెరిగి ఏమైనా అయితే చదువుతో పాటు ఊరు కూడా వదలాలి. “డాక్టర్ని అడుగుదాం,” అన్నాను. టౌన్లో డాక్టరు నా ఉపన్యాసం మొదటి వాక్యంలో ఉండగానే వేరే మాత్ర రాసి, తర్వాతి పేషెంటుని పిలిచాడు. నా తొలి వైద్య విజయానికి జరిగిన సన్మానం అంతే.

కొన్ని వారాలకి దగ్గు పోయింది. వీధి ఆ ఘనత అల్లం కషాయానికి ఇచ్చింది.

అయితే తట్ట మాత్రం తిరిగి రాలేదు. అప్పకి అరసవల్లి రుచి తగిలింది. అక్కడి ఇల్లాళ్లు ఆమెను కూర్చోబెట్టి టీ ఇస్తున్నారట.

“నీకింకా నీరసంగా ఉన్నాదే, కూకో,” అనేది చెల్లెలితో, రోజూ ప్రేమగా, తట్ట ఎత్తుకుంటూ.

“నా ఇళ్లురా అయి. మీ నాన్న సంటోడప్పట్నుంచీ తిరిగినాను,” అని నాయనమ్మ నా దగ్గర గొణిగేది. పెద్దదానితో తగువు పెట్టుకోలేదు. గోడ మీంచి కూర మాత్రం యథావిధిగా అందిస్తూనే ఉంది.

తర్వాత ఒకసారి ఊరికొస్తే వీధి మలుపులోనే దగ్గు వినిపించింది. నాయనమ్మకి మళ్లీ మొదలైందనుకుని పరుగెత్తాను. తీరా చూస్తే అరుగు మీద దగ్గుతున్నది అప్ప. నాయనమ్మ పక్కన కూర్చుని ఆమె వీపు రాస్తోంది, చాలా ఆప్యాయంగా.

“ఏ మాత్రేసుకుంటున్నావు మామ్మా?”

“నా మాత్రలైపోతే... మీ నాయనమ్మే ఇచ్చింది,” అంది అప్ప దగ్గుల మధ్య. “మంచి మాత్రప్పా, బీపీ దిగిపోద్ది అంది.”

మా వైపు మిగిలిన కూరైనా, మాత్రైనా గోడ దాటాల్సిందే. పారేయడం పాపం.

“నిండట్టరా. పారీడానికి సెయ్యి రానేదు,” అంది నాయనమ్మ. “అప్పకీ బీపీయే కదా?”

“నీకు దగ్గొచ్చింది దానివల్లేనని తెలుసు కదా!”

“నాకొస్తే అప్పకొస్తాదేటి? నాకంటే గట్టి మనిషి.”

పాత అట్ట లాక్కుని, సోమవారం అప్పని కూడా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన నన్ను గుర్తుపట్టి, ఇంట్లో ఇంకా ఎంతమంది ఉన్నారని అడిగాడు.

ఆ సోమవారం ఉదయం మేం డాక్టరు దగ్గరికి బయల్దేరే ముందు నాయనమ్మ తలకి చుట్టకుదురు పెట్టుకుని తట్ట ఎత్తమంది. ఎత్తుతూ చెవిలో అడిగాను. “నిజం చెప్పు. కావాలనే ఇచ్చావు కదూ?”

ఆమె తట్ట సర్దుకుని, నన్ను ఎగాదిగా చూసింది.

“అయన్నీ నాకేటి తెలుస్తాయిరా? నానేటి డాట్రునేటి?” అంది. అరసవల్లి ఆటో ఆపడానికి అప్పటికే చెయ్యెత్తేసింది.