తువ్వాలు కింద తేల్చిన జనాభా

ఇప్పుడైతే ఏ ఊళ్ళో ఎంతమంది ఉన్నారో మా మనవడు ఫోను చూసి చిటికెలో చెప్పేస్తాడు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి నాలుగైదేళ్ళే అయిన ఆ రోజుల్లో మాకు అంత సులువు లేదు. జనాభా తెలియాలంటే పాఠ్యపుస్తకం చూడాలి, అందులో లేకపోతే పెద్దవాళ్ళను అడగాలి, వాళ్ళకూ తెలియకపోతే (ఎక్కువగా జరిగేది ఇదే) మనమే ఒక అంకె ధైర్యంగా చెప్పేయాలి. ఇరవయ్యేళ్ళ వయసులో నాకు ఆ ధైర్యానికేం కొదవ లేదు.

మాది ప్రొద్దుటూరు. ఉద్యోగం మాత్రం జమ్మలమడుగులో, ఒక చిన్న బడిలో, అదీ టెంపరరీ. ఇన్‌స్పెక్టరు వచ్చి పాఠం విని నాలుగు మంచిమాటలు రాస్తే పర్మనెంటు, లేదంటే పెట్టె సర్దుకుని ఇంటికి. ఇంటికి పోతే మా చిన్నాన్న అంగడిలో రోజంతా చీరలు మడతపెట్టాలి. (చిన్నాన్న మంచివాడే. చీరలతోనే నాకు పడదు. నేను మడిస్తే అంచులు ఏనాడూ కలవలేదు.) అందుకని ఇన్‌స్పెక్టరు వస్తున్నాడని తెలిసిన రోజునుంచి నాకు అన్నం సహించలేదు. మా హెడ్మాస్టరుది పులివెందుల. పిల్లలకు ఆయన పెద్దయ్యవారు, నేను చిన్నయ్యవారు. ఆయనే ఉపాయం చెప్పాడు.

"మన దేశంలో పెద్ద పట్నాలు, వాటి జనాభా గోడ మింద రాపియ్యప్పా. ఇన్‌స్పెక్టరు లోపలికి రాంగానే కండ్లబడాల."

రాయడానికి జమ్మలమడుగులో అంగళ్ళ బోర్డులు రాసే పెయింటర్ మామను పిలిచాం. ఆయన ముందే పది గీతలు చక్కగా కొట్టి, ఆ తరవాత పేర్లు అడిగాడు. కలకత్తా, బొంబాయి, మద్రాసు, ఢిల్లీ, హైదరాబాదు, బెంగుళూరు, అహ్మదాబాదు. పుస్తకంలో ఉన్నవి ఏడే. మూడు గీతలు మిగిలిపోయాయి.

"ఖాళీగా పెడితే పని సగంలో ఇడ్సిపెట్టినారంటాడు ఇన్‌స్పెక్టరు," అన్నాడు పెద్దయ్యవారు.

నేను ఊరుకోవచ్చు కదా! "ప్రొద్దుటూరు రాద్దాం సార్, రెండో బొంబాయి అంటారు గదా," అన్నాను. (ఎవరంటారు? మేమే అంటాం.) పెయింటర్ మామ కుంచె కిందపెట్టేశాడు. "మా జమ్మలమడుగు గోడ మింద మా ఊరు ల్యాకుండా మీ ఊరు రాస్తానా? ఇదేం న్యాయం సామీ?" సరే, అదీ రాశాం. పదో గీత ఎవరిదో ఇక చెప్పనక్కరలేదు. పెద్దయ్యవారు మీసం దువ్వుకున్నాడు.

పేర్లయితే వచ్చాయి, జనాభా ఎక్కడినుంచి రావాలి? పెద్దయ్యవారికి ఎద్దుల బేరంలో మంచి పేరుంది. పరసలో, అంటే పశువుల సంతలో, ఎద్దులు కొనేవాళ్ళు పక్కవాళ్ళకు ధర తెలియకుండా తువ్వాలు కింద చేతులు కలిపి, వేళ్ళు పట్టుకుని బేరం తేల్చుకుంటారు. ఆయన భుజం మీది తువ్వాలు తీసి పరిచాడు. "పిల్లోళ్ళు సూస్తాండారు, నోటితో వద్దు. ఏలికి లచ్చ."

ముగ్గురం చేతులు లోపల పెట్టాం. నేను ప్రొద్దుటూరుకు రెండు వేళ్ళు పట్టుకుంటే మామ జమ్మలమడుగుకు మూడు పట్టుకున్నాడు. నాకు రోషం వచ్చి నాలుగు చేశాను. పెద్దయ్యవారు పులివెందులకు ఏకంగా అయిదు వేళ్ళూ కలిపి పిడికిలి బిగించి, అది చాలక రెండోసారీ బిగించాడు. హెడ్మాస్టరు పిడికిలిని ఒక టెంపరరీ మేష్టరు ఎలా విడిపిస్తాడు? అట్లా ఒక్క మధ్యాహ్నంలో పులివెందుల పెరిగి పెరిగి బెంగుళూరును దాటిపోయింది.

ఇన్‌స్పెక్టరు కోస్తావైపు మనిషి. మాట మెత్తన, చూపు గట్టి. గోడను పైనుంచి కిందికి చదివి, కళ్ళజోడు తుడుచుకుని, మళ్ళీ చదివాడు.

"పులివెందులలో ఇంతమందా? వీళ్ళందరూ ఎక్కడ పడుకుంటారండీ?"

"అంతా చిన్నయ్యవారే రాపిచ్చినాడు సార్," అన్నాడు పెద్దయ్యవారు గోడవైపు చూస్తూ. నా కళ్ళ ముందు చీరల మడతలు వరసగా కదిలాయి.

"ఈ లెక్క ఎలా తేల్చావయ్యా?" అని నన్నడిగాడు.

అబద్ధం చెప్పే ఓపిక కూడా లేదు. "తువ్వాలు కింద సార్," అన్నాను.

ఆయన నవ్వలేదు. నవ్వి ఉంటే కొంత ధైర్యం వచ్చేది. "వచ్చే నెలలో జనాభా లెక్కలు. ఈ ఊళ్ళో నాలుగు వీధులు నీ పేర రాయిస్తాను. తువ్వాలు లేకుండా లెక్కపెట్టు. ఒక్క తల ఎక్కువైనా, తక్కువైనా ఇంటికి పోతావు. సరిగ్గా వస్తే నీ ఆర్డరు సంగతి నేను చూస్తాను," అన్నాడు.

ఆ నాలుగు వీధులూ నేను లెక్కపెట్టినట్టు ఎవరూ లెక్కపెట్టి ఉండరు. ఉయ్యాల్లో పిల్లలను దుప్పటి తీసి చూశాను. మంచం పట్టిన ఒక ముసలావిడ "నన్నెందుకు ల్యాప్పా, నేను రేపోమాపో పోయేదాన్ని" అంటే, "పోయేదాకా లెక్కే అవ్వా" అని రాసుకున్నాను. చివరికి నేను అద్దెకున్న గది దగ్గర ఆగిపోయాను. ఎవరు ఎక్కడ ఉంటే అక్కడే రాయాలని రూలు. నా పేరు నా చేత్తోనే జమ్మలమడుగులో రాసుకున్నాను. మా ఊరికి ఒకణ్ణి తక్కువ చేశానే అని ఆరోజు నిజంగానే బాధపడ్డాను.

ఇన్‌స్పెక్టరు మళ్ళీ మనిషిని పంపి ఇల్లిల్లూ సరిచూయించాడు. తేడా రాలేదు. ఆర్డరు వచ్చింది. ఆ కాగితం జేబులో పెట్టుకుని ప్రొద్దుటూరు బస్సెక్కాను. అమ్మ ఓళిగలు (కోస్తావాళ్ళ బొబ్బట్లే) చేసి, కంచంలో వేస్తూ మాటల మధ్య చెప్పింది.

"మనింటికీ లెక్కలాయప్ప వచ్చిన్యాడు. నీ పేరు గూడా రాపిచ్చినా."

నోట్లో ఓళిగ అక్కడే ఆగింది. "అమ్మా! నేను ఆడ రాసుకుంటి గదా!"

"ఆయప్పా అదే అన్న్యాడు, ఉజ్జోగం యాడుంటే ఆడ రాస్తారమ్మా అని. వాని కంచం ఈడుంటే వాడు యాడోడు అవుతాడప్పా, రాయి అంటి. రాసుకోని పాయ."

ఇన్‌స్పెక్టరు ఎక్కువ రాకూడదన్న ఆ ఒక్క తల నాదే. మర్నాడే పోయి చెప్పి కొట్టేయించాలి. న్యాయంగా అదే చేయాలి. మొదట కొన్నాళ్ళు ఉద్యోగం పోతుందన్న భయంతో చెప్పలేదు. భయం పోయాక చెప్పబుద్ధి కాలేదు. ఆ తరవాత పెళ్ళి, పిల్లలు, రిటైరు కావడం, అన్నీ జమ్మలమడుగులోనే జరిగాయి. ప్రతి పదేళ్ళకూ ఇక్కడే ఒకణ్ణిగా లెక్కకొచ్చాను. అమ్మ పోయి చాలా కాలమైంది. ఆ ఏటి ప్రొద్దుటూరు జనాభా ఏ పుస్తకంలో కనబడ్డా నా వేలు అంకె మీద కాసేపు ఆగుతుంది. అందులో ఒకటి తప్పని నాకొక్కడికే తెలుసు. ఇప్పుడు ఎవరైనా వచ్చి దిద్దమన్నా, దిద్దను.