ఏటి ఒడ్డున సరుగుడు తోపు

ఆదోని నుంచి మంత్రాలయం పోయే బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. ఏరు దగ్గరపడగానే తడి ఇసుక వాసన లోపలికి వచ్చింది. ఆ వాసన తగిలితే చాలు, సక్కుబాయి మేడం గుర్తుకొస్తారు.

ఎమ్మిగనూరులో మగ్గాల ఇంట పుట్టిన నేను ఆదోనిలో ఒక కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పడానికి చేరినప్పుడు, ఆ శాఖకు ఆవిడే పెద్ద. ఆదివారం వస్తే తుంగభద్ర ఒడ్డున ఉన్న పాత సాహుకారు తోటకు బయల్దేరేవారు. నన్నూ వెంట రమ్మనేవారు. ఒకప్పుడు ఆదోని పత్తి వ్యాపారి ఒకాయన వేసవి విడిదిగా పెంచిన తోట అది. ఆ కుటుంబం రావడం మానేశాక అడవిలా అల్లుకుపోయింది. మేకలూ, కట్టెలకు వచ్చే ఆడవాళ్లూ తొక్కిన దారుల్లోనే మేమూ నడిచేవాళ్లం. మలుపుల్లో దారి తప్పకుండా, మా ఇంట్లో మిగిలిన రంగునూలు పోగులు కొమ్మలకు కట్టేవాళ్లం.

కానుగ, నేరేడు చెట్లు దాటి ఇసుకలోకి దిగితే ఒక సరుగుడు తోపు ఉండేది. మొదటిసారి దాన్ని చూడగానే మేడం నిలబడిపోయారు. "ఇది సముద్రం ఒడ్డు చెట్టు గదమ్మా. ఈడికెట్లొచ్చింది?" అన్నారు. ఇసుక కొట్టుకుపోకుండా ప్రభుత్వంవాళ్లు నాటి ఉంటారని ఆవిడ ఊహ. నేను సరేనని ఊరుకున్నాను. ఆవిడ మాత్రం మేకలవాళ్లను అడిగారు, మంత్రాలయంలో లాడ్జీల వాళ్లను అడిగారు. ఎవరికీ తెలియదు.

కొన్నాళ్లకు ఒక ఆదివారం పోయేసరికి చెట్ల మొదళ్లకు సున్నం గుర్తులు ఉన్నాయి. కొట్టేయబోతున్నారన్నమాట. సాహుకారు మనవడు నాగభూషణం అక్కడే ఉన్నాడు. యాత్రికులకు గదులు కడతానన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. పోట్లాటకు నోరు తెరవబోతుంటే మేడం నా చెయ్యి నొక్కారు. అతని క్షేమం అడిగి, ఆ తర్వాత ఈ సరుగుడు ఇక్కడికెలా వచ్చిందన్న ఎప్పటి ప్రశ్నే అడిగారు. అతను తెల్లబోయాడు. తనకు తెలియదనీ, మేనత్తకేమైనా తెలిసి ఉండవచ్చనీ అన్నాడు.

"పోయి అడుగుదామాప్పా?" అన్నారు మేడం.

ఎందుకో కాదనలేకపోయాడు. ఆ సాయంత్రమే ముగ్గురం ఆదోనిలో వాళ్ల మేనత్త ఇంటికి పోయాం. ఆవిడకు డెబ్బై దాటాయి. సరుగుడు మాట వినగానే లేచి కూర్చుంది.

"మాయమ్మది బందరు. పెండ్లయి ఈడికొచ్చినాక సముద్రం సద్దు లేక నిద్ర పట్టేది కాదంట. గాలికి సరుగుడు సముద్రం మాదిరే హోరుమంటాదని మా నాయన ఆ మొక్కలు తెప్పించి ఇసకలో నాటించినాడు. ఉండాయా ఇంకా?"

వారం తిరగకముందే ఆవిడను తోటకు తీసుకుపోయాం. ఒకవైపు మేడం, ఒకవైపు నేను పట్టుకుని, నూలు పోగుల వెంబడి నెమ్మదిగా నడిపించాం. నాగభూషణం వెనక వచ్చాడు. తోపు దాకా అతను ఎప్పుడూ నడిచి రాలేదట. అక్కడ ఆవిడ కళ్లు మూసుకుని కొమ్మల హోరు వింది. "అప్పటి చెట్లు కావులే ఇవి, వాటి పిల్లలేమో. సద్దు మాత్రం అదే," అంది. నాగభూషణం తలెత్తి కొమ్మల్లోకి చూస్తూ ఉండిపోయాడు.

అతను గదులు కట్టక మానలేదు. రోడ్డు వైపు నేరేడు చెట్లు చాలా పోయాయి. కానీ ఏటి వైపు చెట్టు ఒక్కటి కూడా ముట్టలేదు, దారులూ మూయలేదు. యాత్రికులు ఇప్పుడు పొద్దున్నే ఆ దారుల్లో నడుస్తున్నారు.

మేనత్తను తోటకు తీసుకుపోయిన ఆ రోజు, తిరుగు బస్సులో మేడం ఉన్నట్టుండి నవ్వడం మొదలుపెట్టారు. "నేననుకున్నదంతా తప్పమ్మా. ఎంత బాగుండాది సూడు," అన్నారు. తన ఊహ తప్పయినందుకు అంతగా సంతోషించిన మనిషిని నేను అంతకుముందు చూడలేదు.

మేడం పోయి చాలా కాలమైంది. ఇప్పుడు పిల్లలు పేరు తెలియని ఆకు తెస్తే నా ఊహ చెప్పి, తెలిసినవాళ్లను అడుగుదాం పదండి అంటాను. ఒక్కోసారి నేను చెప్పింది తప్పని తేలుతుంది. అప్పుడు పిల్లలు భయంగా నా ముఖం వైపు చూస్తారు. నాకు నవ్వొస్తుంది. ఆ నవ్వు మేడందే.