రెస్ట్ తీసుకోండి బాబాయ్

ఆ ముక్క అన్నది నేనే. ముదినేపల్లి దగ్గర మా ఊరి రామాలయం కమిటీకి అప్పట్లో సెక్రటరీని. గుడివాడలో తెలుగు మాస్టారుగా చేసి రిటైరైనవాణ్ణి, నొప్పి తెలియకుండా చెప్తానని ఆ మాట ఫోన్లో చెప్పే పని నాకంటగట్టారు. చెప్పాల్సింది మా సన్నాయి బాబాయికి. దివిసీమ మనిషి, ముస్లిం. నా పెళ్ళికి వాయించింది ఆయనే. శ్రీరామనవమికి మా రాముడి పెళ్ళికీ ఏటా ఆయనే.

కమిటీలో కొత్తగా చేరిన ఇద్దరు, "రాముడి పెళ్ళికి సాయిబు ఏంటండీ?" అన్నారు. మిగతావాళ్ళం టీ తాగుతూ కూర్చున్నాం. ఇన్నేళ్ళూ పిల్లలకి నీతులు చెప్పిన నేనూ ఇంకో కప్పు పోయించుకున్నాను.

"ఎండలు ముదిరాయి కదా, ఈసారికి రెస్ట్ తీసుకోండి బాబాయ్" అన్నాను. ఆయనకేం అర్థం కాకనా? "అలాగే మాస్టారూ. మరి గట్టిమేళం?" అన్నాడు. తాళి కట్టే క్షణంలో డోలూ సన్నాయీ ఒక్కసారిగా హోరెత్తకపోతే మాకది పెళ్ళే కాదు. ఫోన్లోంచి స్పీకర్‌కి పెడతారని చెప్పాను. "పంతులుగారి చెయ్యి చూసుకుంటూ నొక్కమనండి, ఆలస్యమైతే బాగోదు" అన్నాడు. పొమ్మన్నాక కూడా ఆ పెళ్ళి బెంగ ఆయనదే!

నవమినాడు పంతులుగారు చెయ్యెత్తారు, మా కమిటీ కుర్రాడు ఫోన్లో నొక్కాడు. స్పీకర్లో ముందు యాడ్ వచ్చింది, ఎవరో ఆవిడ మోకాళ్ళ నొప్పుల నూనె గురించి మొదలెట్టింది. ఆ నూనె గోలలోనే సీతమ్మ మెళ్ళో తాళి పడింది. జనం ఒకటే నవ్వు. నాకు తల కొట్టేసినట్టయింది. అయినా మర్నాడు ఆయనకి ఫోను చెయ్యలేదు.

వానాకాలంలో బాబాయ్ పోయాడు. మళ్ళీ నవమికి బందరు, గుడివాడ, అవనిగడ్డ వాద్యగాళ్ళు, హిందువులూ ముస్లింలూ, అందరూ ఒక్కటయ్యారు. "వాయించేవాడి మతం అడిగే పందిట్లో వాయించం" అని బ్యానర్ కట్టి, బాబాయ్ ఇంటిముందు షామియానా వేశారు. ఊళ్ళో కల్యాణం చూడబుద్ధికాక నేనూ వెళ్ళి వెనకాల నిలబడ్డాను. సరిగ్గా ముహూర్తం వేళకి, ఆయన ఫొటో ముందు అన్ని సన్నాయిలూ, అన్ని డోళ్ళూ గట్టిమేళం ఎత్తుకున్నాయి. ఏడుపు ఆగలేదు నాకు.

ఎవరికంటా పడకుండా జారుకుందామనుకున్నాను. ఆయన కొడుకు చూడనే చూశాడు. చెయ్యి పట్టుకుని ముందుకి తీసుకెళ్ళి మైకందుకున్నాడు.

"నాన్నని తీసేస్తామంటే కమిటీతో పోట్లాడింది ఈ మాస్టారుగారొక్కరేనండీ. పోయేదాకా నాన్న అదే చెప్పేవాడు."

అంటూ శాలువా కప్పాడు. ఓరి నాయనో! నేను చేసిన పని కన్నకొడుక్కి కూడా చెప్పకుండా, నా కోసం అబద్ధమాడి పోయాడా ఆ మనిషి!

మైకు నా చేతికిచ్చారు. ఫోను చేసింది నేనే అన్న ఒక్క మాట చాలు. అంతమంది నిజం కోసమే కదా అక్కడ కూర్చుంది.

"బాబాయ్ చాలా గొప్పవారండీ" అన్నాను.

చప్పట్లు కొట్టారు. శాలువా సర్దుకుని వచ్చి కూర్చున్నాను.