మేస్త్రి కోసిన అయస్కాంతం

మా ఇంజినీరింగ్ కాలేజీ వర్క్‌షాప్ మేస్త్రి చనిపోయారని పోయిన శుక్రవారం పొద్దున ఆయన కూతురు ఫోన్ చేసింది. "నమాజ్ అయినాక తీసకపోతాండారు మేడమ్, మీరు రావల్ల" అంది. ఓర్వకల్లు బస్సెక్కి వెళ్లాను. అక్కడ ఏడ్చేవాళ్ల పక్కనే ఆయన మాటలు తలచుకుని నవ్వేవాళ్లూ కనిపించారు. నా దగ్గరా అలాంటి జ్ఞాపకమొకటి ఉంది.

నేను ఫిజిక్స్ చెబుతాను. కొన్నేళ్ల కిందట సూపర్‌కండక్టర్ టేపు మీద పరిశోధన చేస్తున్నాను. చూడ్డానికి అది మెరిసే రిబ్బను. లోపల మాత్రం వెంట్రుకకన్నా పలచని పింగాణీ పొర. ముక్కల్ని దొంతరగా పేర్చి, ద్రవ నైట్రోజన్‌తో బాగా చల్లబరుస్తూ పెద్ద అయస్కాంతం దగ్గర ఉంచి తీసేస్తే, దొంతరే అయస్కాంతమవుతుంది. నాకది గుండ్రంగా, నడుమ చిల్లుతో కావాలి. కోస్తే అంచుల్లో పొరలు ఊడొచ్చేవి. రెండు దొంతరలు పాడయ్యాయి. మిగిలిన టేపు ఇంకొక్కదానికే వస్తుంది. అదీ పోతే ప్రాజెక్టు మూతే.

మేస్త్రి ఒక ముక్క తీసుకుని గోటితో తట్టి, చెవి దగ్గర పెట్టుకున్నారు. ఏ వస్తువునైనా ముందు అలా వినడం ఆయన అలవాటు.

"ఇది నాపరాయి జాతే మేడమ్. బేతంచెర్లలో పదేండ్లు బండలు కోసినా. మంచి బండ కింద పనికిరాని బండ పెట్టి కోస్తాం. పగిలేదేదో కిందిది పగులుతాది."

"ఇది బండ కాదు మేస్త్రీ!"

"ఆ సంగతి దానికి తెల్దు గదా!"

దొంతరకు పైనా కిందా రాగి రేకులు పెట్టి, తక్కువ వేడికే కరిగే టంకంతో అన్నిటినీ ఒకే దిమ్మగా అతికించారు. సన్నని తీగతో కోసే మిషన్‌కు బిగించారు. టీ కూడా మానేసి దాని ముందే కూర్చున్నారు. నేను మాటిమాటికీ తొంగిచూస్తుంటే, "పోయి పాఠం చెప్పుకోండి మేడమ్. మీరు సూస్తాంటే దానికి భయమయితాంది" అని తరిమారు.

సాయంత్రానికి చేతికొచ్చింది. ఒక్క పొర కూడా లేవలేదు.

మర్నాడు దాన్ని స్టాండుకు ఎత్తుగా బిగించిన రాగి గిన్నె అడుగున అమర్చి, పెద్ద అయస్కాంతాన్ని కింద ఉంచి, నైట్రోజన్ పోసి, బాగా చల్లబడ్డాక అయస్కాంతాన్ని తీసేశాను. మేస్త్రి జేబులోంచి చిన్న ఇనప పానా తీసి గిన్నె అడుక్కి కింది నుంచి ఆనించారు. ఠక్కున అంటుకుంది.

"పట్టుకున్యాది పాపా!"

అంతవరకూ మేడమ్‌నే. ఆ రోజు నుంచి చివరిదాకా ఆయనకు నేను పాపనే.

నైట్రోజన్ అయిపోతే బలం పోయి పానా రాలిపోతుందని చెప్పాను. "రాలనీ, పట్టుకుంటా" అన్నారు. తెల్లటి ఆవిరి గిన్నె మీంచి దిగి ఆయన మోచేతుల దాకా కమ్మేసింది. పానా కింద రెండు అరచేతులూ చాచి, నోరారా నవ్వుతూ, మేస్త్రి అలాగే నిలబడ్డారు.