శనివారం ఐదు గంటల మెసేజి

జుల్ఫికర్ ముప్పై ఎనిమిదేళ్ళ జీవితంలో ఎవరి మీదా చెయ్యెత్తలేదు. తిన్న దెబ్బలు మాత్రం బోలెడు. చిత్తూరు బజారు వీధిలో పరుపులు కుట్టే లాల్ బాషా కొడుకు నోట్లో నాలుక లేనివాడని చిన్నప్పుడే పేరు పడిపోయింది. బడిలో కొట్టారు, కాలేజీలో కొట్టారు. కంప్యూటరు ముందు కూర్చునే ఉద్యోగమైతే ఎవరి చేతికీ అందకుండా బతకొచ్చని లెక్కేసుకుని, తిరుపతి నుంచి పుత్తూరు పోయే రోడ్డు మీద ఒక ప్రైవేటు నర్సింగ్ కాలేజీలో చేరాడు. పాపం, ఆ ఉద్యోగం సంగతి చేరాక గానీ తెలియలేదు.

ఆ కాలేజీకి ఆన్‌లైన్ చదువుల పోర్టల్ ఒకటుంది. పాఠాలు, అసైన్‌మెంట్లు, హాజరు, మార్కులు అన్నీ అందులోనే. ఏ కోర్సు ఎప్పుడు తెరవాలి, అందులో ఎవరిని చేర్చాలి, ఎవరిని తీసేయాలి అన్నది జుల్ఫికర్ పని. పేర్లు చేర్చడం కూడా ఒక పనేనా అనుకుంటాం. హాజరు తగ్గితే పోర్టల్ దానంతటదే పేరు తీసేసి హాల్‌టికెట్ ఆపేస్తుంది. ఆపింది యంత్రమే అయినా తన్నులు మాత్రం మనిషికి. కిందటేడు ఒక పిల్ల మేనమామ కీబోర్డు ఎత్తి జుల్ఫికర్ నెత్తిన కొడితే మీటలు ఊడి గదంతా పడ్డాయి. ఇంకొకాయన కాలర్ పట్టుకుని కిటికీ ఊచలకేసి అదిమి, కూతురి పేరు మళ్ళీ చేర్చేదాకా వదల్లేదు. రెండుసార్లూ మనవాడు కిమ్మనకుండా చేర్చేశాడు. ఎవరు గుడ్లురిమితే వాళ్ళకు పని చేసిపెట్టే ఆ మనిషిని అందరూ "పోర్టల్ సార్" అని గౌరవంగా పిలిచేవాళ్ళు.

అటువంటివాడు ఆ శనివారం ఎందుకు మొండికేశాడో తెలియాలంటే ప్రశాంతి సంగతి చెప్పాలి.

ప్రశాంతిది సత్యవేడు దగ్గర పల్లె. చివరి సంవత్సరం చదువుతోంది. మూడు నెలల కిందట ఒక ల్యాబు టెక్నీషియన్ని రిజిస్టరు పెళ్ళి చేసుకుని ఊరు దాటిపోయింది. కులం వేరు. ఆ వారంలోనే ఆమె అన్న యోగానంద ఆ అబ్బాయి ఇంటి మీదికి పోయి స్కూటర్ తగలబెట్టాడు. అడ్డం వచ్చిన అబ్బాయి తండ్రిని ఇనుపరాడ్డుతో మోకాలి మీద కొడితే, ఆయన ఇప్పటికీ మంచం దిగలేదు. "అది కనపడిన దినమే నరుకుతా" అని యోగానంద ఊళ్ళో అంగడి ముందర నిలబడి అందరూ వినేటట్టు చెప్పాడు. ఊరికే అనే రకం కాదు. కారు సీటు కింద మచ్చుకత్తి పెట్టుకునే తిరుగుతున్నాడు.

ఆ పిల్ల ఒకరోజు జుల్ఫికర్‌కు ఫోన్ చేసింది. "సార్, ఈ నాలుగు నెలలు గడిస్తే నాకు సర్టిఫికెట్ వస్తాది. నా పేరు తీసేయొద్దు సార్. యాడుండానో మాత్రం ఎవురికీ తెలియనీయొద్దు" అని ఏడ్చింది. చివరి సంవత్సరం వాళ్ళు ఏ ఆసుపత్రిలోనైనా డ్యూటీ చేసి, ఆ ఆసుపత్రి ముద్ర వేయించిన డ్యూటీ షీటు వారం వారం పోర్టల్లో పెడితే చాలు. ప్రశాంతి చేస్తున్నది ఏ ఊళ్ళోనో నేను కూడా చెప్పను. జుల్ఫికర్ ఆమె పేజీలో ఫోటో తీసేశాడు, చిరునామా తీసేశాడు, ఫోన్ నంబరు తీసేశాడు. డ్యూటీ షీట్లు తనకు తప్ప ఇంకెవరికీ కనపడకుండా ఆమెను విడిగా ఒక కోర్సులో చేర్చాడు. జన్మకో మంచి పని చేశానని భార్య రేష్మాకు చెప్పుకుని మురిసిపోయాడు కూడా.

శనివారం మధ్యాహ్నం రెండింటికి యోగానంద ఇద్దరు స్నేహితులను వెంటబెట్టుకుని వచ్చాడు. తండ్రి సుబ్రమణ్యాన్ని కూడా తెచ్చాడు. తెల్ల పంచె, భుజాన తువ్వాలు, చేతిలో సంతకం పెట్టిన కాగితం. ప్రశాంతి ఇంకా అసైన్‌మెంట్లు పంపుతోందని ఆమె క్లాసు పిల్ల ఎవరో చెప్పేసింది. కన్నతండ్రిని కాబట్టి కూతురు ఎక్కడుందో తెలుసుకునే హక్కు నాకుంది అని ఆ కాగితంలో రాయించారు. ప్రిన్సిపాల్ చంద్రకాంతమ్మ దాన్ని చదివి, "అవన్నీ పోర్టల్ సార్‌నే అడగండి" అని వేలితో గది చూపించి తన తలుపు వేసేసుకుంది. ఆ తలుపు తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

"ప్రశాంతి యాడుండి పంపిస్తా ఉండాదో సూపించు" అన్నాడు యోగానంద.

"పోర్టల్లో ఊరి పేరు కనపడదు సార్."

చెంప మీద పడిన దెబ్బకు కళ్ళజోడు ఎగిరి గోడకు తగిలింది. వెనకాలున్నవాడు జుట్టు పట్టుకుని తల వెనక్కి వంచాడు. "తెరువు. కనపడేది కనపడనిది మేం సూసుకుంటాం" అన్నాడు యోగానంద.

అప్పుడు జుల్ఫికర్ తన జన్మలో లేని తెగింపు ఒకటి చేశాడు. పాస్‌వర్డు తప్పు కొట్టాడు. చేతులు వణుకుతున్నాయన్నట్టు నటిస్తూ మళ్ళీ తప్పు కొట్టాడు. నిజానికి నటించాల్సిన పని లేదు, చేతులు వణుకుతూనే ఉన్నాయి. ఐదోసారి తప్పయ్యేసరికి పోర్టల్ అరగంట సేపు తెరుచుకోనని మొండికేసింది. తెర మీద ఎర్రక్షరాలు చదివిన స్నేహితుడు, "అన్నా, వీడు కావాలనే లాక్ చేసినాడు" అన్నాడు.

యోగానంద అరవలేదు. బల్ల సొరుగు బయటికి లాగి, జుల్ఫికర్ కుడిచేతిని అందులో పెట్టించి, మణికట్టు కదలకుండా పట్టుకోమని స్నేహితులకు చెప్పాడు. తర్వాత సొరుగును బూటుకాలితో తన్నాడు. ఇనుప సొరుగు. వేళ్ళు విరిగిన చప్పుడు జుల్ఫికర్‌కు తన అరుపు కంటే ముందే వినపడింది.

"ఏ ఆసుపత్రి?"

"తెలియదు సార్."

రెండోసారి తన్నాడు. ఈసారి అరుపు కూడా సరిగ్గా రాలేదు. ప్యాంటు తడిసిపోయింది. సొరుగులో నెత్తురు అడుగున ఉన్న కాగితాల మీదికి కారుతోంది. మూడో తన్ను పడి ఉంటే చెప్పేసేవాణ్ణని రేష్మా ముందు తర్వాత ఒప్పుకున్నాడు. ఊరి పేరు అప్పటికే నాలుక చివరికి వచ్చేసిందట. ఇంతలో గంట కొట్టారు. ల్యాబుకు వచ్చే నలభై మంది ఆడపిల్లలు వరండాలోకి వచ్చేశారు. యోగానంద సొరుగు వదిలి, జుల్ఫికర్ చొక్కాకే చేతులు తుడుచుకుని, "సోమవారం వస్తాం. ఇంగొక చెయ్యి ఉండాది గదా" అని వెళ్ళిపోయాడు.

అంతసేపూ సుబ్రమణ్యం గుమ్మంలోనే ఉన్నాడు. తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని గోడవైపు తిరిగి నిలబడ్డాడు. ఒక్క మాట అనలేదు.

పోలీసులంటే కాలేజీ పేరు పోతుందని చంద్రకాంతమ్మ చెప్పింది. రేష్మా వచ్చి ఆమెను చెడామడా తిట్టి, మొగుణ్ణి ఆటోలో ఎక్కించుకుని, విరిగిన ఎముకలకు కట్టు కట్టడంలో పేరున్న పుత్తూరుకు నేరుగా తీసుకుపోయింది. కట్టు కట్టే ఆయన ముందు నవ్వుతూ ఏ ఊరని అడిగి, జుల్ఫికర్ బదులు చెప్తుండగానే వేళ్ళు లాగి ఎముకలు కూర్చాడు. కళ్ళు బైర్లు కమ్మాయి. ఆకుపసరు, గుడ్డుసొన పట్టించి, వెదురుబద్దలు పెట్టి గుడ్డ చుట్టాక బయట రేకుల పంచలో బెంచీ మీద కూర్చోబెట్టారు. చెయ్యి సలుపుతోంది గానీ మనసు మాత్రం తేలిగ్గా ఉంది. నేను చెప్పలేదు, చెప్పలేదు అని లోలోపల వంద సార్లు అనుకున్నాడు.

సరిగ్గా ఐదింటికి జేబులో ఫోను మోగింది. ప్రతి శనివారం పోర్టల్ పంపే మెసేజే, ఏనాడూ పట్టించుకుని చదవలేదు. "ఈ వారం రిపోర్టులు తల్లిదండ్రులకు పంపడమైనది: 412."

జుల్ఫికర్ ఆ అంకె మళ్ళీ చదివాడు. కాలేజీలో నాలుగు వందల పన్నెండు మంది పిల్లలు. ఒక్కటి కూడా తగ్గలేదు. శనివారం ఐదింటికల్లా ప్రతి పిల్ల హాజరు, డ్యూటీ చేసిన ఆసుపత్రి, వార్డు ఆమె తండ్రి ఫోనుకు దానంతటదే పోతుంది. ఆ ఏర్పాటు చేసింది తనే. తండ్రుల నంబర్లు పిల్లల పేజీల్లో ఉండవు. మొదటి సంవత్సరం చేరేటప్పుడు ఎక్కించిన వేరే జాబితాలో ఉంటాయి. ప్రశాంతి పేజీ అంతా తుడిచాడు గానీ ఆ జాబితా ముట్టుకోలేదు. మూడు నెలలుగా, వారం వారం, ఆ పిల్ల ఉన్న చోటు తన చేతులతోనే వాళ్ళింటికి పంపిస్తున్నాడు. ఎందుకు తిన్నట్టు ఆ దెబ్బలు?

"పోర్టల్ సారూ" అని పిలుపు విని తలెత్తితే ఎదురుగా సుబ్రమణ్యం ఉన్నాడు. రేష్మా అదిరిపడి మొగుడికి అడ్డంగా నిలబడింది.

"నేనొక్కణ్ణే వచ్చినానమ్మా. మోకాళ్ళకు కట్టు కట్టించుకుంటానని మావోడికి చెప్పి బస్సెక్కినా. చెయ్యిరిగినోడు పుత్తూరుకు గాక యాడికి పోతాడు" అని ముసలాయన పంచె ముడిలోంచి ఫోను తీసి ముందుకు చాపాడు. "ఇది ఇప్పుడే వచ్చింది."

మీ అమ్మాయి ప్రశాంతి ఈ వారం ఆరు రోజులు హాజరు. ఆసుపత్రి పేరు, ఊరు, పిల్లల వార్డు. అంతా ఉంది.

"పన్నెండు వారాల నుంచి వస్తా ఉండాది. చేను కాడ మోటారు షెడ్డులో కూర్చోని సదువుకుంటా. సదివి తుడిపేసి ఇంటికి పోతా. మావోడికి తెలీదు."

జుల్ఫికర్‌కు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. "అంటే మీకు ముందే తెలుసు" అన్నాడు. "నా వేళ్ళు ఇరగ్గొడతా ఉంటే మీకు తెలుసు. గుమ్మంలో నిలబడుకోని ఉండారు. ఒక్క మాట అనలేదే?"

"వద్దురా అంటే నీకెందుకంత నొప్పి అని నన్ను పట్టుకుంటాడప్పా. ఫోను పెరుక్కోని సూస్తాడు. నీ చెయ్యా, నా బిడ్డా అనుకున్నా. నా బిడ్డే అనుకున్నా."

ఎడమచెయ్యి ఎప్పుడు లేచిందో జుల్ఫికర్‌కే తెలియదు. ఫెడీమని చెంప మీద పడింది. ముసలాయన తూలి స్తంభం పట్టుకున్నాడు. పంచలో ఉన్న నలుగురూ లేచి నిలబడ్డారు. తండ్రి వయసు మనిషిని కొడతారా అని రేష్మా ఉర్దూలో అరిచి మొగుడి భుజం పట్టి లాగింది. జుల్ఫికర్‌కు మళ్ళీ కొట్టాలని ఉంది. అంత కసి తనలో ఉందని ఆ రోజే తెలిసింది.

సుబ్రమణ్యం పెదవి మీది నెత్తురు తువ్వాలుతో అద్దుకున్నాడు. "ఇంగొకటి కొట్టు. నాకు తగిందే. ఆ మెసేజి మాత్రం ఆపొద్దు. ఆరు దినాలు డ్యూటీకి పోయింది అంటే బిడ్డ బతికుండాదని నాకు తెలుస్తాది. దాంతో మాట్లాడే దారి లేదు. నాకున్నది అదొక్కటే."

"మీ ఇంట్లో ఆ ఫోను ఉంటే ఆ పిల్ల బతకదు పెద్దాయనా" అన్నాడు జుల్ఫికర్. "ఇప్పుడే మీ నంబరు తీసేస్తా."

"వద్దప్పా, నీ కాళ్ళు పట్టుకుంటా" అని నిజంగానే వంగబోయాడు. రేష్మా ఆపింది.

అప్పుడే ముసలాయన ఫోను మోగింది. పేరు చూసి ఆయన మొహంలో నెత్తురు లేకుండా పోయింది. చెవి సరిగ్గా వినపడదేమో, గొంతు బయటికే వినపడేటట్టు పెట్టుకున్నాడు.

"నాయనా, యాడుండావు?" యోగానంద గొంతు.

"పుత్తూర్లో ఉండానప్పా. మోకాళ్ళకు కట్టు."

"కాలేజీ నుంచి నీ ఫోనుకు మెసేజిలేమన్నా వస్తాయా? పిల్లల అమ్మానాయినలకు వారం వారం వస్తాయంట. ఇప్పుడే ఒకడు సెప్పినాడు."

"నాకేమొస్తాయిరా. కరెంటు బిల్లు వస్తాది."

"సరే, ఇంటికి రా. నేనే సూస్తా." ఫోను పెట్టేశాడు.

లోపల ఎవరికో ఎముక కూరుస్తున్నారు, ఒక ఆడమనిషి అరుపు వినపడుతోంది. సుబ్రమణ్యం వచ్చి బెంచీ మీద జుల్ఫికర్ పక్కనే కూర్చున్నాడు. మెసేజి తెరిచి, పెదవులు కదుపుతూ మొదటి నుంచి చివరిదాకా ఇంకోసారి చదువుకున్నాడు.

"తీసేయప్పా" అన్నాడు.

జుల్ఫికర్ తన ఫోనులో పోర్టల్ తెరిచి, ఎడమచేతి వేలితో తడుముకుంటూ తండ్రుల జాబితాలో ఆయన నంబరు పట్టుకున్నాడు. తీసేయమంటే పోర్టల్ ఎప్పటిలాగే నిజంగా తీసేయాలా అని అడిగింది. సుబ్రమణ్యం తెర వైపు తొంగి చూసి, ఏది నొక్కాలి అని అడిగాడు. జుల్ఫికర్ చూపించాడు. ముసలి వేలు ఒకసారి ఆగి, తర్వాత నొక్కింది. ఆయన తన ఫోనులో వచ్చిన మెసేజి కూడా తుడిపేసి, సత్యవేడుకు బస్సు ఎన్ని గంటలకని రేష్మాను అడిగాడు.