అక్క కిటికీ

ఇటలీ దాటి స్విట్జర్లాండులోకి పోతున్న రైల్లో, ఐదేళ్ల నా మనవరాలు అమ్ములు కూర్చున్న కిటికీ సీటును అబద్ధం చెప్పి లాక్కున్నాను. "తాతకు వాంతి వచ్చేట్టుండాదమ్మా, కాసేపు కిటికీ కాడ కూసుంటా" అన్నాను. పొద్దున జెనోవా స్టేషను బయట కొన్న నిమ్మకాయను గోటితో గిచ్చి, నమ్మించడానికి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఆ పిల్ల మారుమాట లేకుండా లేచి, పక్క సీట్లోకి జరిగి, నా వీపు నిమరడం మొదలుపెట్టింది.

ఎదురుగా కూర్చున్న నా కూతురు సుధ ఒక్క క్షణం నన్ను చూసి, "వాంతికి కిటికీ దేనికి నాన్నా, ఈ అద్దం తెరుచుకోదు గదా?" అంది. అల్లుడు తల దించుకుని నవ్వాడు. నేను అద్దం వైపు తిరిగి, కొండల మధ్య పొడుగ్గా పరుచుకున్న సరస్సును చూస్తూ కూర్చున్నాను.

సుధా అల్లుడూ బెంగళూరులో ఉద్యోగాలు చేస్తారు. ఈ వేసవిలో నన్నూ పిల్లలనూ తీసుకుని బార్సిలోనాలో ఓడ ఎక్కించారు. వారం తర్వాత ఓడ మమ్మల్ని జెనోవాలో దింపింది. అక్కడి నుంచి పది రోజులు రైళ్ల మీద. ముప్పై ఏళ్లు పత్రికాఫీసు డెస్కులో కూర్చుని ఊరూరూ తిరిగొచ్చినవాళ్ల యాత్రా కథనాలు దిద్ది, సగానికి సగం కోసి, శీర్షికలు పెట్టి పంపినవాణ్ని. వాళ్ల మీద కుళ్లు ఆ కోతల్లో కొంత తీర్చుకున్నాననే చెప్పాలి. తీరా నా వంతు వచ్చాక కుళ్లుకోవడానికి ఇద్దరు పసిపిల్లలు దొరికారు. అమ్ములు తమ్ముడు, మూడేళ్ల బంటి, సముద్రం మీద సూర్యుడు దిగుతుంటే పెరుగన్నం కోసం ఏడ్చాడు. ఇటలీలో ఆ పక్కకు ఒరిగిన గోపురం దగ్గర ఇద్దరూ పావురాల వెంట పడ్డారు తప్ప తలెత్తి చూడలేదు. రైల్లో బంటి రెండో కిటికీకి బుగ్గ ఆనించి, నోరు తెరుచుకుని, మంచుకొండలన్నీ దాటేదాకా నిద్రపోయాడు. కదిపితే లేచి బోగీ అంతా ఏకం చేస్తాడని ఆ సీటు జోలికి పోలేదు. అమ్ములు సీటు తీసుకున్నాను.

ఆ నిమ్మతొక్క ఘాటు ముక్కుకు తగలగానే నాకు గుర్తొచ్చింది మా ఆత్మకూరు నుంచి ఉదయగిరి పోయే ఎర్రబస్సు. ప్రతి ఏడూ దసరా సెలవులకు ఉదయగిరిలో మా మామ ఇంటికి పోయేవాళ్లం. సీతాఫలాల కాలం అది. తిరుగు ప్రయాణంలో బస్సు టాపు మీద, సీట్ల కింద, మనుషుల ఒళ్లో బుట్టలే. కాయలు పండి పగిలి, ఆ తియ్యటి వాసన డీజిలు వాసనతో, చెమటతో కలిసి బస్సంతా నిండేది. ఉదయగిరిలో మామ మమ్మల్ని కోట మెట్లెక్కించేవాడు, చెక్క చెంచాలు చెక్కేవాళ్ల ఇళ్ల ముందు నిలబెట్టి తలా ఒకటి కొనిచ్చేవాడు, అత్త వేడివేడి అలసందల వడలు ఆకులో వేసి చాలనేదాకా పెట్టేది. అయితే నాకు కావలసింది అవేవీ కావు, పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ కిటికీ. ఆ కిటికీ నాకంటే రెండేళ్లు పెద్దదైన మా అక్క వనజది.

అక్కకు బస్సు పడేది కాదు. ప్రయాణం రోజు అమ్మ దానికి అన్నం పెట్టేది కాదు. చింతపండులో ఉప్పురాయి పెట్టి బుగ్గన ఉంచుకోమనేది. చేతిరుమాలులో నిమ్మకాయ చుట్టి ఇచ్చేది. బస్సెక్కగానే కండక్టరే, "ఆ పాపను కిటికీ కాడ కూసోబెట్టండయ్యా, నా బస్సు కడుక్కోలేను" అని కేకేసేవాడు. అందరూ జరిగి దానికి దారిచ్చేవాళ్లు. నేను నాయన మోకాళ్ల మధ్య నిలబడి, ముందున్న ఆసామి తలపాగా చూస్తూ పోయేవాణ్ని. అక్క మాత్రం చెరువులూ గొర్రెల మందలూ చూసి, దూరాన ఉదయగిరి కొండ కనబడగానే, "ఒరే, కొండ వచ్చిందిరా!" అని నాకు చెప్పేది. నాకు వాంతులు ఎందుకు రావా అని ఏడ్చిన రోజులున్నాయి.

నాకు తొమ్మిదేళ్లప్పుడు, బయల్దేరే ముందు నాయనతో అన్నాను: "అక్కకు ఇప్పుడు బస్సు పడతాది నాయనా. ఇస్కూలు వాళ్లు సోమశిలకు తీసకపోయినప్పుడు నిమ్మకాయ కూడా ముట్టలేదంట." అది శుద్ధ అబద్ధం. సోమశిలకు పోయిన రోజు అక్క దారి పొడుగునా అవస్థ పడింది. నాయన నమ్మాడు. "అయితే ఈసారి వాడు కూసుంటాడులే" అన్నాడు. అక్క నోరు తెరవబోయి, తమ్ముడు కిటికీ కోసం ఎంత ఏడుస్తాడో తెలిసి కాబోలు, ఊరుకుంది. అక్క కోసం అమ్మ నా చేతికిచ్చిన నిమ్మకాయ కూడా పారేసుకున్నానని చెప్పి నా నిక్కరు జేబులో పెట్టుకున్నాను.

సగం దారిలో అక్క, నాయన పంచె మీదా, ముందు సీట్లోని పెళ్లివారి పట్టుచీర మీదా కక్కింది. ఆ చీర మనిషి అరిచిన అరుపులకు బస్సు ఆపారు. నాయన అక్క వీపు మీద ఒకటి వేశాడు. నేను కిటికీ వైపు నుంచి ముఖం తిప్పలేదు. ఆ రోజు ఉదయగిరి కొండను మొదట చూసింది నేనే.

ఆ ఏడు నుంచి అక్కను ఉదయగిరికి తీసుకుపోలేదు. "బస్సు పడని పిల్ల" అని ఇంట్లో పేరుపడింది. దసరాలకు అవ్వ దగ్గర వదిలిపెట్టేవాళ్లు. పెళ్లికీ అదే లెక్క. బస్సులో పోవలసిన కలిగిరి సంబంధం మంచిదే అయినా వదులుకుని ఆత్మకూరులోనే ఇచ్చారు. నెల్లూరు పోవలసి వస్తే బావ స్కూటరు వెనక కూర్చుని పోయేది. ఆ దసరా తర్వాత అక్క మళ్లీ బస్సెక్కింది లేదు.

ఈసారి ప్రయాణానికి సుధ దానికి కూడా పాస్‌పోర్టు చేయించింది. అక్క చేతులు జోడించి, "బస్సే పడనిదాన్ని, నాకు ఓడలేంది, ఇమానాలేంది తల్లా" అంది. దాంతో మేము చూసినదంతా అమ్ములు చూపిస్తే అక్క ఫోనులో చూసింది. రోజూ సాయంత్రం ఆ పిల్ల నన్ను పక్కకు నెట్టి, పెద్దవ్వకు ఊళ్లు చూపించేది. అక్కడా నాకు కడుపుమంటే. నేను చెబితే వినని పిల్ల, అక్కకు గంటలు గంటలు చెప్పేది.

ఆ రోజు రైలు దిగగానే అమ్ములు ఫోనులో, "పెద్దవ్వా, తాతకు వాంతి వచ్చింది, నా కిటికీ ఇచ్చేసినా" అని చెప్పేసింది.

అక్క పగలబడి నవ్వింది. "ఏందిరా, నీకెప్పుడూ బస్సు పడేది గదా! ఇది ఎప్పటి నుంచిరా?" అంది. తర్వాత నవ్వు ఆపి, ఫోనులో నన్నే కాసేపు చూసింది. సిగ్నలు లేదని చెప్పి నేను ఫోను పెట్టేశాను.

తిరిగొచ్చి రెండు నెలలు దాటింది. అక్క ఆత్మకూరులో మా వీధి చివరే ఉంటుంది, పూట పూటా కలుస్తాం. ఉదయగిరిలో మామా లేడు, అత్తా లేదు, ఆ ఇల్లు అమ్మేశారు. అక్క మళ్లీ అడగలేదు, నేను చెప్పలేదు. "బస్సు పడని పిల్ల" అన్న యాభై ఏళ్ల కిందటి ఆ మాటకు కట్టుబడే బతికిన మనిషికి ఇప్పుడు నిజంగా బస్సు పడదో, పడుతుందో ఇంతవరకు ఎవరూ ఎక్కించి చూడలేదు.