అమ్మ ఎక్కితే వచ్చే చప్పుడు

మనిషి చెవికి అందని మూలుగును కూడా వినే దేవునికి స్తోత్రం. ఆరాధనలో గొంతెత్తి పాడే పాటనూ, వంటింట్లో పైకి రాకుండా మింగేసిన నొప్పినీ ఒక్కలాగే ఆలకించే తండ్రికి మహిమ కలుగును గాక. ఆయన విన్నాడు. మేమే వినలేదు. మా అమ్మ జబ్బు సంగతి డాక్టరు కంటే ముందు మాకు చెప్పింది మా నాన్నగారి మోటారు సైకిలు. చప్పుడు మానేసి చెప్పింది.

అప్పటికి తొంభైలు ముగింపుకొచ్చేయి. నేను అమలాపురంలో డిగ్రీ చదువుతున్నాను. మా ఊరు అక్కడికి కాస్త దూరంలో, కాలవగట్టు మీద. నాన్నగారు ఐనవిల్లి వైపు ఒక ఎలిమెంటరీ స్కూల్లో మేస్టారు, మా చర్చి సంఘంలో పెద్ద. చాలా ఏళ్లు సైకిలు తొక్కి, చివరికి సెకండ్ హ్యాండు మోటారు సైకిలు ఒకటి కొన్నారు. చీర చక్రంలో పడకుండా దాని ఎడమ పక్కన ఇనప జాలీ, కాళ్లు పెట్టుకోడానికి పలకలాంటి ఫుట్‌రెస్టు వేయించేరు. అవి అమ్మ కోసమే. ఆదివారం ఆరాధనకీ, బుధవారం ప్రార్థన కూటానికీ, జబ్బుపడ్డ విశ్వాసుల ఇళ్లకీ ఇద్దరూ దానిమీదే వెళ్లేవారు. అమ్మ ఒక పక్కకి తిరిగి కూర్చుని, ఒళ్లో బైబిళ్లు రెండూ పెట్టుకుని, కుడిచేత్తో నాన్నగారి భుజం పట్టుకునేది.

అమ్మ బొద్దుగా ఉండేది. ఆవిడ ఎక్కగానే బండి వెనక్కి ఒకసారి కుంగేది.

వానలకి గట్టంతా గోతులు పడ్డ ఒక ఏడు ఆ చప్పుడు మొదలైంది. గతుకు తగిలినప్పుడల్లా కిర్రుమని ఒక రాపిడి, వెంటనే టక్కుమని ఒక దెబ్బ. నాన్నగారు మెకానిక్కు దగ్గరికి తీసుకెళ్లేరు. అతను ఒక్కడే ఎక్కి ఒక చుట్టు తిరిగొచ్చి, "ఆయ్, ఏం లేదండి మేస్టారూ. సుబ్బరంగా ఉందండి బండి" అన్నాడు. నిజమే. నాన్నగారు ఒక్కరే స్కూలుకి వెళ్తే చప్పుడు రాదు. నన్ను కాలేజీ దగ్గర దింపినా రాదు, నేను అప్పుడు పుల్లలా ఉండేదాన్ని. అమ్మ ఎక్కితేనే వస్తుంది.

"బండికి నీమీద ఏదో కోపం ఉందే" అనేవారు నాన్నగారు.

"కోపం నామీద కాదండి, ఏరి ఏరి గోతుల్లో పోనిచ్చే మీమీద. నేను నోరు తెరవనని నా బదులు అదే అంటోంది."

"నువ్వు నోరు తెరవవా! ప్రభువా, విన్నావా?"

ఒక శనివారం సాయంత్రం ఇంటి దగ్గరే దాని సంగతి తేల్చాలని పూనుకున్నారు. స్టాండు వేసి చక్రం తిప్పి చూసేరు. చైను బిగించేరు. నట్లన్నీ స్పానరుతో తట్టేరు. స్క్రూడ్రైవరు కొస ఇంజనుకి ఆనించి, పిడి చెవి దగ్గర పెట్టుకుని విన్నారు. ఏమీ దొరకలేదు. చివరికి అమ్మని వెనక ఎక్కించుకుని, దొడ్లో కొబ్బరిచెట్ల మధ్య మెల్లగా తిప్పుతూ, నన్ను పక్కనే వంగి నడుస్తూ వినమన్నారు. కొబ్బరివేళ్ల మీద బండి ఎగిరినప్పుడల్లా కిర్రు, టక్కు. వంగి పరిగెత్తలేక నేను రొప్పుతున్నాను. నవ్వు ఆపుకోలేక అమ్మ నాన్నగారి చొక్కా పట్టుకు లాగేస్తోంది. మా సంఘంలోదే అయిన పక్కింటి అత్తయ్యగారు కంచె మీంచి చూసేరు.

"ఏంటండీ మేస్టారూ, బైబిల్లో గోడలు కూలేదాకా యెరికో పట్నం చుట్టూ తిరిగినట్టు తిరుగుతున్నారు? కూలేది మా గోడేనండి, జాగ్రత్త!"

"వెనక, ఎడమ పక్కనే నాన్నగారూ" అన్నాను నేను. కచ్చితంగా ఎక్కడో మాత్రం చెప్పలేకపోయేను. ఆ పక్కంతా నూనె పోసి ఊరుకున్నారు. దీపాలు పెట్టేక కుటుంబ ప్రార్థనలో బండి మాట కూడా ఎత్తేరు. అమ్మ కళ్లు మూసుకునే నవ్వింది. పక్కన కూర్చున్న నాకు ఆవిడ భుజం కదలడం తెలిసింది.

తర్వాత శ్రమదినాలు వచ్చేయి. ఈస్టరుకి ముందు ఆ నలభై రోజులూ అమ్మ ఏటా పగలంతా ఉపవాసం ఉండి, సాయంత్రం ప్రార్థన అయ్యేక ఇంత అన్నం తినేది. ఆ ఏడు ఆ కాస్త అన్నమూ సగంలో వదిలేసి లేచిపోయేది. ఏమ్మా అంటే, "ఉపవాసాలకి కడుపు చిన్నదైపోతుందే" అనేది. జాకెట్లు వదులైతే మిషను ముందు కూర్చుని లోపల మరో కుట్టు వేసుకునేది. నేను ఆ పక్కనే కూర్చుని చదువుకునేదాన్ని. సంఘంలో ఆడవాళ్లు, "ఉపవాసమంటే మీదేనండి అక్కా, మొహం ఎంత తేటగా ఉందో" అనేవారు. ఇంకే ఇంట్లోనైనా మనిషి చిక్కిపోతోందని భయపడి ఉండేవారు. మేం భక్తి అనుకున్నాం.

ఆ రోజుల్లోనే చప్పుడు తగ్గుతూ వచ్చింది. ఈస్టరుకి వారం ముందు వచ్చే మట్టల ఆదివారం నాటికి పూర్తిగా ఆగిపోయింది. ఈస్టరు ఆరాధనలో, ప్రభువు చేసిన మేళ్ల గురించి సాక్ష్యాలు చెప్పే వేళ నాన్నగారు లేచి నిలబడ్డారు. "మెకానిక్కుకి దొరకనిది ప్రభువుకి దొరికిందండి. నా బండి చప్పుడు కూడా తీసేసేడు" అన్నారు. అందరూ నవ్వి హల్లెలూయ అన్నారు. చాప మీద ఆడవాళ్ల మధ్య కూర్చున్న అమ్మ కూడా చెయ్యెత్తి స్తోత్రం చెప్పింది. ఎత్తిన చేతికున్న గాజులు మోచేతి దాకా జారిపోయేయి.

ఈస్టరు వెళ్లిన కొద్ది రోజులకి నాన్నగారు మిల్లు నుంచి బియ్యం బస్తా వెనక కట్టుకుని వచ్చేరు. దొడ్లోకి వస్తూనే కిర్రు, టక్కు.

"మళ్లీ వచ్చిందే ఇది!"

బస్తా దించకుండానే బండి పక్కన నేలమీద పడుకుని చూసేరు. బరువుకి వెనక కుంగినప్పుడు చైను కవరు పైకి లేచి, జాలీ బిగించిన బోల్టుకి రాసుకుంటోంది. అక్కడ రంగు పోయి, వేలిగోరంత మేర తళతళా మెరుస్తోంది. నాన్నగారు దుమ్ము దులుపుకుంటూ సంబరంగా లేచేరు. "దొరికిందిరా దొంగ! బరువుంటేనే వస్తుందన్నమాట." బస్తా దించి అమ్మని పిలిచేరు. "ఏదీ, నువ్వు ఎక్కు ఒకసారి."

అమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి ఎక్కింది. అవే కొబ్బరివేళ్ల మీద తిప్పేరు. ఏమీ రాలేదు.

"సరిగ్గా కూర్చో."

"కూర్చునే ఉన్నానండి."

ఇంకో చుట్టు తిప్పేరు. ఏమీ రాలేదు. నాన్నగారు ఇంజను ఆపేసేరు. దిగలేదు, వెనక్కి తిరగనూ లేదు. ముందుకే చూస్తూ, "ఎన్నాళ్లనించి?" అన్నారు.

 "క్రిస్మస్ ముందునించీ ముద్ద దిగట్లేదండి" అంది అమ్మ. "మీరు కంగారు పడతారని చెప్పలేదు. శ్రమదినాలు వచ్చేక ఎవరికీ చెప్పక్కర్లేకపోయింది."

బియ్యం బస్తా ఆ రోజంతా దొడ్లోనే ఉండిపోయింది.

కాకినాడ తీసుకెళ్తే కడుపులో గడ్డ అన్నారు, బాగా ముదిరిందన్నారు, మందులతో చూద్దామన్నారు. కొన్నాళ్లకి ఇంజక్షన్లు అమలాపురంలోనే చేయించుకోవచ్చంటే, నాన్నగారు వారం వారం అమ్మని బండిమీద తీసుకెళ్లి తెచ్చేవారు. ఆ చైను కవరుని సుత్తితో ఒక్క దెబ్బ కొట్టి వంచితే చాలు, చప్పుడు పోతుంది. ఆయన దాన్ని ముట్టుకోలేదు.

"ఉండనీ తల్లీ" అన్నారు నాతో. "మీ అమ్మ ఒళ్లు చేస్తే అదే చెబుతుంది."

అప్పటినించీ మా ప్రార్థన తిరగబడింది. చప్పుడు తీసెయ్యమని అడిగినవాళ్లం, మళ్లీ రప్పించమని బతిమాలుకున్నాం. వాళ్లు తిరిగొచ్చే వేళకి నేను గేటు దగ్గర నిలబడి చెవులు రిక్కించి వినేదాన్ని. బండి మెత్తగా వచ్చి ఆగేది. అంత నెమ్మదైన బండి మా వీధిలో ఇంకొకటి లేదు.

మళ్లీ వానలు పట్టేయి. ఒక సాయంత్రం గేటు దాకా రాకముందే నాన్నగారి కేక వినిపించింది.

"అమ్మాయ్! వచ్చింది! కాలవ లాకుల దగ్గర గతుకులో ఒకసారి వచ్చింది, ఇదిగో ఇప్పుడు మన వీధిలోనూ వచ్చింది! విన్నావా?"

విన్నాను. కిర్రు, టక్కు. నా కళ్లలో నీళ్లు తిరిగేయి. నాన్నగారు బండికి స్టాండు వేసి, తడిసిన చొక్కాతోనే పక్కింటి అత్తయ్యగారికి చెప్పడానికి కంచె దగ్గరికి పరిగెత్తేరు. అమ్మ దిగడానికి నా భుజం మీద చెయ్యి వేసింది. అప్పుడు ఆవిడ పాదాలు చూసేను. రెండూ ఉబ్బిపోయి ఉన్నాయి. చెప్పు పట్టీ చర్మంలోకి దిగిపోయింది. చెప్పు విప్పుతుంటే నా వేలు ఆనిన చోట గుంట పడి, అలాగే ఉండిపోయింది.

"నీరు పట్టిందే" అంది అమ్మ, గొంతు తగ్గించి. "మీ నాన్నగారు మందుల కోసం వెళ్లినప్పుడు డాక్టరు నాకు చెప్పేడు. కడుపు నిండా నీరేనంట."

నేను కంచె వైపు చూసేను. అమ్మ నా గడ్డం పట్టుకుని మొహం తనవైపు తిప్పుకుంది.

"రేపు నేనే చెబుతాను. ఈ పూటకి ఉండనీ. ఆయన నవ్వి ఎన్నాళ్లయిందో చూడు."

ఆ సాయంత్రం నాన్నగారు మోకాళ్ల మీద చాలాసేపు కృతజ్ఞతలు చెప్పేరు.  అమ్మ ఆమేన్ అంది. నేనూ అన్నాను. దేనికి అన్నానో దేవుడికే తెలుసు.

అమ్మ ఆ క్రిస్మస్ చూడలేదు.

ఆ బండిని నాన్నగారు ఇన్నేళ్లూ నడుపుతూనే వచ్చేరు, ఒక్కరే. కొత్తది కొనుక్కోమని ఎంతమంది చెప్పినా వినలేదు. జాలీ తీయించలేదు, ఫుట్‌రెస్టు తీయించలేదు. చైను కవరు మీద మెరిసే చోటుకి మెల్లగా తుప్పు పట్టింది. ఆదివారాలు బండి తుడిచేటప్పుడు అక్కడికి వచ్చేసరికి ఆయన చేతిలో గుడ్డ ఆగిపోయేది. ఒక్కోసారి నన్ను వెనక ఎక్కమని, కావాలని గోతుల్లోంచి పోనిచ్చేవారు. పెళ్లయి పిల్లలు పుట్టేక నేనూ కాస్త ఒళ్లు చేసేను. అయినా ఆ చప్పుడు రాలేదు. ఇద్దరం ఇంటికి వచ్చేసేవాళ్లం.

ప్రభువు ఎందుకు అలా చేసేడని నేను అడగని రోజు లేదు. జవాబు రాలేదు. అడగడం మానలేదు, మోకరించడమూ మానలేదు.

ఇది చదువుతున్న మీరు ఎవరైనా సరే, ఒక్క నిమిషం నాతో తల వంచండి. తండ్రీ, ఈ పూట ఏదో ఒక ఇంట్లో ఒక తల్లి సగం అన్నం వదిలేసి కంచం ముందునించి లేస్తోంది. ఆవిడ పక్కనున్నవాళ్లని ఆ కంచంలోకి చూడనివ్వు. వెనక సీటు ఖాళీగా గట్టు మీద ఇంటికి వస్తున్న మా నాన్నగారికి తోడుగా ఉండు.

మీరూ ఆమేన్ అనండి.